ఒత్తక్షరాల పెళ్ళిచూపులు

ఫ అనగానే దీపం కొండెక్కింది.

లెస్కాలియే అనే చెరకు తోటల ఊళ్ళో ఒక ఇంటి వసారా, ఆదివారం ఉదయం. నేను పెళ్ళిచూపులకు వెళ్ళినవాణ్ణి. నా నోటికి జానెడు దూరంలో పీట మీద ఇత్తడి ప్రమిద పెట్టి, క దగ్గర నుంచి వరసగా అక్షరాలు చెప్పమన్నారు. ఇరవై ఒక్క అక్షరాలు తప్పుల తడకగానే దాటుకొచ్చాను, ఎవరూ ఆపలేదు. ఇరవై రెండోది ఫ. నేను ఫ్రెంచి పత్రికాఫీసులో అచ్చక్షరాలు కూర్చేవాణ్ణి, రోజుకు కొన్ని వందల ఎఫ్‌లు చేత్తో ఏరి పేర్చేవాణ్ణి. ఆ ధైర్యంతో గట్టిగానే అన్నాను. వత్తి ఒక్కసారి పక్కకు వాలి, ఎర్రగా మిణుకుమని, సన్నని పొగ వదిలి ఊరుకుంది.

గుమ్మంలో కూర్చున్న పెళ్ళికూతురి నాయనమ్మ గౌరమ్మ అవ్వ నోట్లోంచి చుట్ట బయటికి తీసింది. ఆవిడది అడ్డపొగ. అంటే, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చే అలవాటు. నోట్లో ఆ నిప్పుతోనే వండేది, తిట్టేది, దేవుడికి దణ్ణం పెట్టుకునేది. చుట్ట బయటికి వచ్చిందంటే ఇంట్లో ఏదో మునిగినట్టే లెక్క. "ఒలమ్మా, పెల్లిమాటలనాడు దీపం కొండెక్కించీసినాడు," అంది మెల్లగా. నన్ను పోర్ట్ లూయీ నుంచి వెంటబెట్టుకొచ్చిన మా మేనమామ అంతకంటే మెల్లగా, నా చెవిలో, ఈ దీవి భాష క్రెయోల్‌లో, మధ్యాహ్నం రైలు దొరుకుతుంది, లేద్దామా అన్నాడు. పెళ్ళికూతురు సన్యాసమ్మ తన తాత వెనక కూర్చుని ఆయన ఎడమ మణికట్టు పట్టుకుని ఉంది. తల బాగా వంచేసింది. భుజాలు కదులుతున్నాయి. పాపం, పిల్ల ఏడుస్తోంది అనుకున్నాను. అది ఏడుపు కాదని పెళ్ళయిన మూడో నెలలో చెప్పింది.

ఈ కలవరమేదీ అంటనివాడు ఆ తాత ఒక్కడే. పేరు అప్పలసామి. ఆయనకు చెవులు వినపడవు. పంచదార మిల్లులో చెరకు నలిపే రోలర్ల పక్కన ముప్పై ఏళ్ళు నిలబడ్డ మనిషి. ఆ హోరు ఆయన చెవుల్లోకి వెళ్ళి, లోపలున్న చప్పుళ్ళన్నిటినీ తనతో తీసుకుపోయింది. ఆయన అందరి మొహాలూ చూశాడు, ఆరిన వత్తిని చూశాడు, అగ్గిపుల్ల గీసి మళ్ళీ వెలిగించాడు. తర్వాత, తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియని చెవిటివాళ్ళు మాట్లాడే పద్ధతిలో, చెరకు తోట అవతలికి కూడా వినిపించేలా తీర్పు చెప్పాడు. "దీపానికేటీ దోసం లేదు. ఫ అంటే రెండు పెదాల పని. ఈడు పైపల్లని పిలిసినాడు. ఆ వరసలో పల్లకేటి పనిరా?"

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న మా మనవరాలు తెలుగు మొదటి వాచకం పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. సాయంత్రం బడిలో కొత్తగా ఇచ్చారు. ల ఒకటి ఉండగా మళ్ళీ ఈ ళ ఎందుకు తాతా అని అడిగింది. వాళ్ళ మాస్టారు ఒకటి చిన్నదనీ ఒకటి పెద్దదనీ, పలకడం మాత్రం రెండూ ఒకటేననీ చెప్పాడట. ఈ ప్రశ్న వాళ్ళ అవ్వను, అంటే మా సన్యాసమ్మను అడగవలసింది. పోయిన తుఫానుల కాలంలో ఆమె కన్నుమూసింది. ముప్పై ఎనిమిదేళ్ళు పత్రికల్లో పనిచేసి, గవర్నరు విందు మొదలుకొని గొడ్ల తెగులు దాకా తెలియని సంగతులెన్నో తెలిసినట్టు రాసినవాణ్ణి, ఈ ఒక్క దానికి జవాబు చెప్పలేక, పుస్తకం కింద పెట్టి, అన్నం తినిరా అన్నాను.

నేను పుట్టింది పోర్ట్ లూయీలో. మా నాయన రేవులో బస్తాలు మోసేవాడు. మా వీధిలో క్రెయోల్ తప్ప మరో మాట వినపడేది కాదు. అమ్మ, నాయన, అత్త, మావ, గోవిందా, ఇంకో పాతిక మాటలు: ఇదీ మా ఇంట్లో మిగిలిన తెలుగు. వాటినీ క్రెయోల్ నోటితోనే పలికేవాళ్ళం. ఆ నోరు చాలా పొదుపైనది. నాలుక పళ్ళ వెనకే కూర్చుని పని కానిస్తుంది, పైకప్పు దాకా వెళ్ళదు. ఊపిరిని అక్షరంలోంచి బయటికి పోనివ్వదు. క అన్నా ప అన్నా దీపం తలెత్తి కూడా చూడదు. పత్రికాఫీసులో చేరాక నాకు అక్షరాలంటే సీసపు ముక్కలు. గూళ్ళ పెట్టెలో ఫ్రెంచిలో ఎక్కువ వాడే ఈ (e) అక్షరానికి పెద్ద గూడు, చేతికి దగ్గరగా. ఎవరికీ అక్కరలేని జెడ్డుకు మూలన చిన్న గూడు. ఏది ఎక్కడుందో అడిగితే కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. ఎ తర్వాత బి ఎందుకని ఎవరైనా అడిగితే మాత్రం మా మేస్త్రీ దగ్గర కూడా జవాబు లేదు.

అప్పలసామి తాతకు చదవడం రాదు, రాయడం రాదు. విశాఖపట్నం అవతల ఏదో ఊళ్ళో, ఈ దీవికి చెరకు పనికని ఓడ ఎక్కక ముందు, వీధిబడి అరుగు కింద కూర్చుని అరుగు మీది పిల్లలు చదివే అక్షరాలు విన్నాడు. ఇసకలో దిద్దే అదృష్టం పట్టలేదు. విన్నది మటుకు ఉన్నదున్నట్టు పట్టుకొచ్చాడు. ఆయన లెక్కలో అక్షరాలు పొద్దున్నే కొట్టాల్లోంచి పనికి బయల్దేరే కూలీల జట్టు. క జట్టు గొంతులో లేస్తుంది. చ జట్టు అంగిట్లో. ట జట్టు ఇంటి కప్పు పట్టుకుని వేలాడుతుంది. త జట్టు పళ్ళ దగ్గర, ప జట్టు గుమ్మంలో, అంటే పెదాల మీద. జట్టుకు ఐదుగురు. మొదటివాడు మామూలుగా వస్తాడు, రెండోవాడు ఊపిరి మోసుకొస్తాడు, మూడోవాడు గొంతు వణికిస్తూ వస్తాడు, నాలుగోవాడు రెండూ చేస్తాడు, ఐదోవాడు ముక్కులోంచి వస్తాడు. "ఏ జట్టులోనైనా ఇదే వరస. తెలిసినోడెవడో నోట్లో కూకుని రాసినాడురా ఇది," అనేవాడు. నా గూళ్ళ పెట్టె గురించి ఆ మాట నేను ఎన్నడూ అనలేకపోయాను.

ఆ ఇంటికి ఒక ఆచారం ఉంది. ఊరి చివర చెరకాకు కప్పిన చిన్న కోవెలలో అప్పన్న దీపం ఎవరు వెలిగించాలన్నా, భజనకు ఎవరు ముందుండాలన్నా, ముందు దీపం ఎదుట అక్షరాలు తప్పు లేకుండా చెప్పాలి. పద్యాల అర్థం సగం పోయింది, పాటల్లో మాటలు అరిగిపోయాయి, ఎవరికీ దిగులు లేదు. అక్షరం మాత్రం పోకూడదు. మాటలు పోతే మళ్ళీ పుట్టించుకోవచ్చు, అక్షరం పోతే దేనితో పుట్టిస్తారు అని తాత వాదన. కొడుకూ కోడలూ ఒకే ఏడు జ్వరాలతో పోయారు. మిగిలింది మనవరాలు. ఆమెను చేసుకున్నవాడు ఇల్లరికం వచ్చి దీపం అందుకోవాలి. కాబట్టి పెళ్ళిచూపుల్లో ఆ ఇంట పిల్లను చూపించడం తర్వాత, పిల్లవాడి నోరు చూడటం ముందు.

నాకంటే ముందు ఇద్దరు వచ్చి వెళ్ళారు. ఒకాయన కచేరీలో గుమాస్తా, ఇంగ్లీషు బాగా చదువుకున్నవాడు. ఆ భాషలో మాట మొదట్లో వచ్చే కకు ఊపిరి అంటుకునే ఉంటుంది. వాళ్ళకది తెలియను కూడా తెలియదు. పాపం, మొట్టమొదటి అక్షరానికే దీపం వంగి దణ్ణం పెట్టింది. తాత మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ వంగింది. క అడిగితే ఖ ఇచ్చేవాడికి పిల్లనెలా ఇస్తాను అని పంపేశాడు. రెండో ఆయన రివియేర్ దు రాంపార్ నుంచి వచ్చాడు. చుట్టూ భోజ్‌పురి మాట్లాడే ఊళ్ళో పెరిగాడు కాబట్టి ఖ, ఘ, ఢ, భ అన్నీ దొర్లించేశాడట. దీపం ఆయన చెప్పినట్టు ఆడిందని అవ్వ చాలాకాలం చెప్పుకునేది. తీరా చివరికి వచ్చి ళ దగ్గర కూలబడ్డాడు.

ఆ ళ సంగతి ఇప్పుడే చెప్పెయ్యాలి. చెవులు పోయినా తాత పరీక్ష మానలేదు. ఊపిరిని దీపంలో చూసేవాడు. గొంతు వణుకును తన వేళ్ళ వీపుతో, మన గొంతు మీద ఆనించి పట్టేవాడు. ముక్కు అక్షరాలకు ముక్కు కింద పగిలిన అద్దం ముక్క పెట్టేవాడు. మంచు పడితే సరి. కానీ ట అన్నామో త అన్నామో దీపానికి తెలియదు. ల-ళల తేడా అయితే గొంతుకీ తెలియదు, అద్దానికీ తెలియదు. అది చెవికి తప్ప దేనికీ అందదు. అందుకని సన్యాసమ్మను చెవిగా పెట్టుకున్నాడు. ఇంకా వినపడే రోజుల్లో, ఆమె ఏడెనిమిదేళ్ళ పిల్లగా ఉండగా, ఆమెకు అక్షరాలన్నీ తానే నేర్పాడు. ఆ తర్వాత ఊరి చప్పుళ్ళన్నీ ఆమె వేళ్ళ మీదుగానే ఆయనకు చేరేవి. మణికట్టు మీద ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. ఆ రెండో పెళ్ళికొడుకు ళకు రెండు తట్లు పడ్డాయి.

నా దీపం కొండెక్కిన ఆ ఉదయం, లేవబోతున్న నాకు సన్యాసమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇస్తూ, నా మొహం చూడకుండా, "ఫ అంటే ఊదడం కాదు బావా. పెదాలిడిసిపెట్టీడమే," అని వెళ్ళిపోయింది. అంతే. మా మావతో రైలు సంగతి మరిచిపొమ్మన్నాను. దీపం ఆరిన సంబంధం మంచిది కాదని అవ్వ, కోవెల పెద్దలు నలుగురూ గొణిగారు. తాత వినలేదు, వినలేడు కూడా. పది ఆదివారాలు గడువిచ్చాడు. పదో ఆదివారం పెద్దల ముందు మళ్ళీ దీపం. అప్పటికి కుదరకపోతే మాంటాన్ బ్లాంష్‌లో ఒక వితంతువు కొడుకు ఉన్నాడనీ, అక్షరాలు వచ్చునట అనీ మామూలుగా చెప్పినట్టు చెప్పాడు. ఆ వితంతువు కొడుకును నేను ఎన్నడూ చూడలేదు. ఆ పది వారాలూ నేను ద్వేషించినంతగా ఈ దీవిలో మరొకణ్ణి ద్వేషించలేదు.

శనివారం పని ముగించి రైలెక్కి, దిగి, చెరకు తోటల మధ్య గంటసేపు నడిచి, కోవెల వసారాలో పడుకునేవాణ్ణి. ఆ ఇంటి పొద్దు ఎలా మొదలయ్యేదో ఇప్పటికీ నా ముక్కు చెబుతుంది. మిల్లు వైపు నుంచి పులిసిన చెరకు మడ్డి వాసన, దాని కింద పేడనీళ్ళ వాసన, ఆ రెండిటినీ తోసుకుంటూ అవ్వ చుట్ట. కొబ్బరినూనెలో కరివేపాకు వేసిన చప్పుడు. అవ్వ ఉడకబెట్టిన మన్యోక్, అంటే కర్రపెండలం దుంపలు, పెరటి ఆకుకూర, రోటి మీద నూరిన మిరపకాయ. ఆవిడకు క్రెయోల్ నలభై ఏళ్ళయినా నోటికెక్కలేదు. అందులో ముక్కుతో అనే మూడు అచ్చులుంటాయి. ఒకదాంతో బెంచీ, ఇంకోదాంతో మంచిది, ఇంకోదాంతో స్నానం. ఆవిడ మూడిటికీ ఒకే కూత కూసి పక్కన చెయ్యి చూపించేది. దొరగారి ఇంట్లో పనిచేసే రోజుల్లో, స్నానానికి నీళ్ళు తోడమంటే బెంచీ మోసుకొచ్చిందట. నేను నవ్వితే, "నవ్వకురా గుంటడా. నాకు నీ మూడూ ఒకటే, నీకు మా రెండూ ఒకటే. ఎవుడి బొక్క ఆడిది," అంది. భాషల మీద నేను తర్వాత చదివిన లావుపాటి పుస్తకాల్లో దీనికంటే ఎక్కువ ఏమీ దొరకలేదు.

తాత పొద్దున్నే జామపుల్లతో పళ్ళు తోమి, దాన్నే చీల్చి నాలుక గీసుకునేవాడు. ఆ గీసుకోవడంలో ఆయన చేసే ఖ, దీపం ముందు చెప్పే ఖ కంటే బ్రహ్మాండంగా ఉండేది. మందలోని ఎద్దులు తలలెత్తేవి. ఆయనకు తెలియదు. అంతకంటే విచిత్రం మరొకటి నేను మూడో ఆదివారానికి కనిపెట్టాను. దీపం ముందు ధ, భ, ళ అని ప్రాణం తీసే ఈ మనిషి బువ్వ దగ్గర కూర్చుంటే ఒక్క ఒత్తక్షరం పలకడు. ధర్మం అనడు, దరమం అంటాడు. నీళ్ళు అనడు, నీల్లు తెమ్మంటాడు. ఏదో పెద్ద మోసం బయటపెట్టిన విలేకరిలా ఈ సంగతి సన్యాసమ్మకు చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ, మరి పెళ్ళిబట్టలు కట్టుకుని కళ్ళం ఊడుస్తామా అని అడిగి, పనిలో పడింది.

ఖ మూడో వారానికి వచ్చింది. ఫ ఐదో వారానికి పళ్ళను వదిలింది. ట కోసం నాలుకను వెనక్కి మడిచి పైకప్పు దాకా పంపడం నాకు పగలంతా పని. పత్రికాఫీసులో గూళ్ళ పెట్టె ముందు నిలబడి టణటణలాడుతుంటే పక్కవాడు గొంతు నొప్పి అనుకుని ఆకుల కషాయం తెచ్చి పెట్టేవాడు. ఎనిమిదో వారానికి ట జట్టంతా వచ్చింది, ణతో సహా. ళ రాలేదు. కష్టమెక్కడంటే, రానిది నాకు తెలియడం లేదు. నాలుక మడుస్తున్నాననే అనుకుంటాను. అంటాను. తాత మణికట్టు మీద రెండు తట్లు. సన్యాసమ్మ ల అని, ళ అని చూపిస్తుంది. నాకు రెండుసార్లూ ఒకటే వినపడుతుంది. రంగులు తెలియనివాడికి ఎరుపు చూపించినట్టు ఆమె ఓపిగ్గా చూపించేది, నేను ఓపిగ్గా చూసేవాణ్ణి. తొమ్మిదో ఆదివారం సాయంత్రం వెళ్ళబోతుంటే ఆమె కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. ఈసారి భుజాలు కదల్లేదు.

పదో వారం శనివారం నేను చేరేసరికి తాత కోవెలకు వెళ్ళాడు. అవ్వ నన్ను పెరట్లోకి పిలిచింది. ముసలాడి అక్షరాల మూలాన ఇప్పటికి రెండు సంబంధాలు పోయాయి, మూడోదీ పోతే పిల్ల నా నెత్తిమీదే ముసలిదవుతుంది అంది. తన నోట్లోని చుట్ట తీసి, కొత్తది ఒకటి వెలిగించి నా చేతిలో పెట్టింది. ఆవిడ సిద్ధాంతం ఏమిటంటే, మా నాలుకలకు భయం లేదు, అందుకే ఎక్కడపడితే అక్కడ పడుకుంటాయి. నోట్లో నిప్పుంటే నాలుక తనంత తానే వెనక్కి ముడుచుకుని పైకెళ్ళి కూర్చుంటుంది.

"అప్పుడు ళ అను. రాకపోతే నా పేరు మార్సుకుంతాను."

"నోరు కాలదా అవ్వా?"

"నలబయ్యేల్ల బట్టి కాలిందేట్రా నాకు? ముయ్యి నోరు."

నిప్పు కొసను లోపల పెట్టి నోరు మూశాను. ఆ తర్వాత నేను అన్నది ఏ భాషలోనూ అక్షరం కాదు. చుట్ట పెరటి అవతల పడింది. నాలుక చివర బొబ్బ లేచింది. అవ్వ పెరుగు పూసి, మీ ఊరోళ్ళ నాలుకలు మెత్తనివి అని, ఇంటాయనకు చెప్పొద్దంది. ఆ రాత్రి గంజి తప్ప ఏమీ దిగలేదు. పళ్ళకు నాలుక తగిలితే ప్రాణం పోయేది.

మర్నాడు పీట, దీపం, అద్దం ముక్క. కోవెల పెద్దలు నలుగురు గోడ వారన. మా మావ, మధ్యాహ్నం రైలు వేళ తెలుసుకునే వచ్చాడు. క అన్నాను, దీపం కదల్లేదు. ఖ అన్నాను, వంగి లేచింది. తాత వేళ్ళు నా గొంతు మీద, అద్దం ముక్క ముక్కు కింద. జట్టు తర్వాత జట్టు బయటికి నడిచింది. త జట్టు బొబ్బ మీదుగా నడిచిందని నాకొక్కడికే తెలుసు. నా కళ్ళలో నీళ్ళు చూసి, కుర్రాడికి భక్తి కుదిరిందని పెద్దల్లో ఒకాయన తల పంకించాడు. ఫ దగ్గర అవ్వ చుట్ట బిగపట్టింది. రెండు పెదాలు కలిపి విడిచిపెట్టాను. వత్తి నేల దాకా వంగినట్టు వంగి, మళ్ళీ నిటారుగా నిలబడింది. తాత తొడ మీద చరుచుకున్నాడు.

య, ర, ల, వ. శ, ష, స, హ. ఇక అది.

దీపం చేతకానిదిలా చూస్తోంది. తాత చూపు దీపం మీద లేదు. ఎక్కడా లేదు. కళ్ళు మూసుకుని, ఎడమ చెయ్యి మనవరాలి ఒళ్ళో పెట్టి, ఆమె వేళ్ళ కోసం కాచుకుని ఉన్నాడు. నేను ళ అన్నాను. అంటున్నప్పుడు నాలుక పళ్ళ వైపు పోలేదన్నంత వరకు నాకు గుర్తుంది. బొబ్బ భయానికి అది ఎటో వెనక్కి వెళ్ళింది. ఎంత వెనక్కి వెళ్ళిందో, పైకప్పు ముట్టిందో లేదో చెప్పలేను. నా చెవికి మాత్రం ఎప్పటి ల లాగే వినపడింది. సన్యాసమ్మ నా వైపు చూసింది. పది వారాల్లో ఆమె నన్ను అంతసేపు నేరుగా చూడటం అదే మొదలు. అప్పుడు ఆమె చూపుడువేలు లేచి, ఆయన మణికట్టు మీద ఒకసారి పడింది. రెండోసారి కోసం అందరం చూశాం. వేలు లేవలేదు.

తాత కళ్ళు తెరిచాడు. నిజమేనా అన్నట్టు మనవరాలి వైపు తిరిగాడు. ఆమె తల ఊపింది. ఆయన దీపాన్ని రెండు చేతులా ఎత్తి నాకిచ్చాడు. "బొగ్గులా మాడిపోతాదనుకున్నానురా ఇది," అన్నాడు, ఊరంతటికీ వినపడేలా. ఏది మాడిపోతుందనుకున్నాడో అడగలేదు. గోడ వారన పెద్దలు గోవిందా అన్నారు. మా మావ ఆ పూట ఎక్కింది మధ్యాహ్నం రైలు కాదు, సాయంత్రం రైలు.

తాత తర్వాత నాలుగేళ్ళు ఉన్నాడు. నేను వారంలో ఆరు రోజులు పట్నంలో అక్షరాలు పేర్చి, ఏడో రోజు లెస్కాలియేలో వెలిగించేవాణ్ణి. అక్షరాలు కూర్చే పని నుంచి ప్రూఫులకు, అక్కణ్ణుంచి వార్తలకు వెళ్ళాను. తెలుగు రాయడం కూడా పట్టుదలగా నేర్చుకున్నాను; రాతలో ఏది ఎక్కడ రావాలో తప్పు పోను. మా పిల్లల్ని దీపం ముందు కూర్చోబెట్టాను కానీ సగం మంది ఫ దగ్గర నవ్వి ఆర్పేశారు, నేనూ పట్టుబట్టలేదు. ఇప్పుడు కోవెలకు రేకుల కప్పు, కరెంటు దీపం వచ్చాయి. ఆ దీపం ఏ అక్షరానికీ వంగదు, ఎవరి నోటినీ తప్పు పట్టదు. అందరికీ హాయిగానే ఉంది. మా మనవలు ముక్కుతో అనే ఆ మూడు అచ్చులూ ముత్యాల్లా పలుకుతారు, ఫ్రెంచి మాస్టార్లు మెచ్చుకుంటారు. ఆ నోళ్ళలో ఏదో తక్కువైందని నేను అనను. ఎవరి ఇంట్లో ఎన్ని గదులు కట్టుకున్నారో అన్నిట్లోనే వాళ్ళు కాపురముంటారు. పక్కింటివాళ్ళకు ఇంకో గది ఉందని, మధ్యలో గోడ ఎక్కడుందో తడిమి చూసుకోవడం నావంటివాడి పాట్లు.

ఆ వేలు సంగతి మా కాపురమంతా అడిగాను. ఆ రోజు నేను నిజంగా అన్నానా, లేక నువ్వు నన్ను దాటించావా? కొత్తలో, తాతకి అబద్ధం చెబుతాననుకున్నావా బావా అని కోపగించుకుంది. పెద్దవాడు పుట్టాక, అవ్వ చుట్టకి దణ్ణం పెట్టుకో అంది. నేను తాగి వచ్చిన ఒక పండగనాడు, ఆ రోజు రెండోసారి కూడా తట్టి ఉంటే నా బతుకు బాగుపడేది అంది. సరే మళ్ళీ అంటాను, విని చెప్పు అంటే, ఇప్పుడు ఎందుకు, నలుగురు పిల్లలు పుట్టాక పెళ్ళిచూపులా అనేది. పోయిన ఏడాది మంచం పట్టాక, ఒక మధ్యాహ్నం, ఇక అడగడానికి ఎక్కువ రోజులు లేవని తెలిసి, మళ్ళీ అడిగాను. ఏదీ, అను అంది. అన్నాను. చాలాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత నవ్వి, గంజి చల్లారిపోతోంది, తాగుతాను ఇయ్యి అంది.

మనవరాలికి జవాబు చెప్పాలి కదా అని ఈ వారమంతా ఒక్కణ్ణే కూర్చుని, ల అని, ళ అని, ఒకదాని వెనక ఒకటి పలికి వింటున్నాను. నాకు రెండూ ఒకేలా వినపడుతున్నాయి.